నీళ్లొచ్చాయని చెప్పే పని నాకే ఉంచమని

గౌరవనీయులైన నీటి సరఫరా అధికారి గారికి,
పురపాలక కార్యాలయం.

అర్జీదారు: సాయిశ్రీ, గింజల మండీ వెనుక సందు, ఆదోని.

విషయం: నీళ్లు వదిలే సమయాన్ని ఫోన్ మెసేజ్ ద్వారా తెలిపే పథకం నుండి మా సందులోని రెండు ఇళ్లను మినహాయించమని కోరుట గురించి.

అయ్యా,

ఇది సదరు పథకంపై ఫిర్యాదు కాదని ముందుగా మనవి. మెసేజ్‌లు సరిగ్గా వస్తున్నాయి. చెప్పిన వేళకే నీళ్లు వస్తున్నాయి. నా ఇబ్బంది అక్కడే మొదలైంది.

1. నేను మా వార్డు ఇరుగుపొరుగు సేవా బృందంలో సభ్యురాలిని. ఒంటరిగా ఉండే పొరుగువారిని పలకరించి మంచీ చెడూ కనుక్కోవడం ఈ బృందం పని. నేను కోరి చేరలేదు. సమావేశంలో ఎండ మొహాన పడుతుంటే, కిటికీ మూయవచ్చా అని అడగడానికి చెయ్యెత్తాను. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్ల తరువాత కిటికీ సంగతి ఎత్తడం మర్యాద కాదని ఊరుకున్నాను.

2. నాకు అప్పగించినవారు ఇద్దరు. ఒకరు పత్తి వ్యాపారం మానుకున్న వెంకటకృష్ణయ్య గారు. ఆయన ఎదురింట్లో కమలమ్మ గారు. నందవరం దగ్గరి పల్లె నుంచి వచ్చి, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు ఫ్యాక్టరీలో పనిచేసి, ఇప్పుడు చేతకాక ఇంటిపట్టున ఉంటున్నారు. ఇద్దరికీ ఇంట్లో మాట్లాడే మనిషి లేరు. ఇద్దరూ తలుపు తీయరు.

3. మొదటి రోజు వెంకటకృష్ణయ్య గారి తలుపు తట్టాను.

“ఎవరమ్మా? చందాకా?”

“కాదు తాతా. ఊరికే వచ్చాను.”

“ఊరికే ఎవరన్నా వస్తారామ్మా?” అని తలుపు వేసుకున్నారు.

కమలమ్మ గారు కిటికీలోంచే చూశారు. “నాకేమైంది పాపా? సచ్చినానని ఎవురన్నా సెప్పినారా?”

లేదని చెప్పి వచ్చేశాను. ఇద్దరూ క్షేమమని బృందానికి తెలియజేశాను.

4. తరువాత ఒక మధ్యాహ్నం ఎవరూ అనుకోని వేళ నీళ్లు వచ్చాయి. ఇద్దరి తలుపులూ తట్టి ఆ మాటే చెప్పాను. “అట్ల చెప్పమ్మా మొదట్నే!” అంటూ వెంకటకృష్ణయ్య గారు తలుపు బార్లా తెరిచారు. సందు చివరి ఇళ్లు కావడం వల్ల అక్కడ ధార సన్నం. డ్రమ్ములోకి పైపు నేను పట్టుకున్నాను. అది నిండడానికి చాలాసేపు పడుతుంది. పైపు పట్టుకున్న పిల్లను అంతసేపు నిలబెట్టడం బాగుండదని ఆయన కుర్చీ వేశారు. పత్తిని వేళ్ల మధ్య లాగి రకం ఎలా చెప్పాలో చూపించారు. కమలమ్మ గారు ఉరుకుంద జాతరలో బస్సు తప్పిపోయి, ఎవరిదో ట్రాక్టరెక్కి పాటలు పాడుకుంటూ ఇల్లు చేరిన కథ చెప్పారు. ఆ కథ ఇప్పటికి చాలాసార్లు విన్నాను. విన్నప్పుడల్లా ట్రాక్టరులో జనం పెరుగుతున్నారు.

నేను మాట్లాడడం చేతకాని మనిషిని. కానీ ‘నీళ్లొచ్చాయి’ అని మాత్రం ఎవరి తలుపైనా తట్టి చెప్పగలను. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు.

5. పోయిన నెల అలాగే తట్టితే కమలమ్మ గారు పలకలేదు. నీళ్లొచ్చాయంటే పలకని మనిషి మా సందులో లేరు. అందుకే భయం వేసింది. వెంకటకృష్ణయ్య గారు స్టూలు తెచ్చి ఆమె ప్రహరీ గోడ పక్కన వేశారు. “నేను పట్టుకున్యా, ఎక్కమ్మా” అన్నారు. ఆయన పట్టుకున్నది స్టూలును కాదనీ, జారిపోతున్న తన పంచెననీ గోడకు అవతల పడ్డాక తెలిసింది. లోపల ఆమె జ్వరంతో నేల మీద ఉన్నారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆమె కళ్లు తెరిచి మొదట అడిగింది, “కొళాయి కట్టేసినావా పాపా?” అని.

ఆ రోజు మెసేజ్ అయి ఉంటే ఒకసారి మోగి ఊరుకునేది. ఫోను గోడ దూకదు. ఈ అర్జీలో మిగిలినదంతా తమకు విసుగనిపించినా ఈ ఒక్క అంశం చదవమని కోరుతున్నాను.

6. పథకం వచ్చాక తలుపు తట్టితే వెంకటకృష్ణయ్య గారు ఫోను చూపించారు. “మెసేజొచ్చిందిలేమ్మా. నువ్వు పోయి చదువుకో.” తలుపు పడింది. కమలమ్మ గారికి చదవడం రాదు గానీ ఫోను చప్పుడు చేస్తే నీళ్లేనని నమ్మకం. రీచార్జ్ ప్రకటన వచ్చినా బిందె పెట్టుకుని కూర్చుంటున్నారు.

7. వేరే కారణాలు వెతికాను. చక్కెర అప్పు అడిగాను. రెండోసారి కూడా అడిగాను. మూడోసారి వెంకటకృష్ణయ్య గారు కిలో పొట్లం చేతిలో పెట్టి, “మాటిమాటికీ ఏం తిరుగుతావమ్మా, ఎండలో” అన్నారు. అంత మంచితనం తరువాత నాలుగోసారి వెళ్లడం ఎలాగో నాకు తెలియలేదు.

కావున పై ఇద్దరి నంబర్లను పథకం నుండి తొలగించమని ప్రార్థన. అది వీలుకాని పక్షంలో వారి మెసేజ్ కాస్త ఆలస్యంగా పంపినా చాలు. తప్పు సమయం పంపమని మాత్రం అడగను. అబద్ధం ఆడమని ఎవరినీ కోరకూడదని మా బడిలో సిస్టర్ చెప్పేవారు. ఆలస్యం అబద్ధం కిందికి రాదని నా అభిప్రాయం.

తమకు తీరిక దొరికిన పూట, వీలైతే నీళ్లు రాని పూట, చిత్తగించవలెను.

ఇట్లు,
తట్టడానికి తలుపు ఉండి కారణం లేని,
తమ విధేయురాలు,
సాయిశ్రీ

తా.క. ఈ అర్జీ కవరులో పెడుతుండగా మా తలుపు చప్పుడైంది. అమ్మానాన్న పొద్దున్నే దుకాణానికి పోతారు. పగలు మా ఇంటికి ఎవరూ రారు. తీస్తే వెంకటకృష్ణయ్య గారు ఫోను పట్టుకుని, ఆయన వెనుక కమలమ్మ గారు బిందె చంకన పెట్టుకుని నిలబడ్డారు.

“నీళ్లొచ్చినాయి పాపా! నాకు సదవను రాదు గదా, సావుకారు తలుపు కొట్టి సదివిపిచ్చుకున్యా.”

“రోజూ కొడుతుందమ్మా ఈమె. రీచార్జ్ మెసేజులన్నీ నాతోనే చదివిస్తాండాది” అన్నారాయన.

“ఊరికే కూసోని ఏం సేస్తావులే సావుకారూ? ఈ పిల్ల సూడు, పొద్దస్తమానం బుక్కులో తలకాయ పెట్టుకోని ఒకతే ఉంటాది, పాపం. దీనికెవురు సెప్తారు నీళ్లొచ్చినాయని?”

మెసేజ్ నా ఫోనుకు ఎప్పుడో వచ్చింది. కొళాయి కింద బిందె కూడా పెట్టి ఉంది. ఆ బిందెకు అడ్డంగా నిలబడి, “అవునా అవ్వా? నాకు తెలియనే తెలియదు” అన్నాను. మా డ్రమ్ము కూడా నిండేవరకు ఇద్దరూ కూర్చున్నారు. ట్రాక్టరులోకి ఈసారి ఒక పెళ్లి బృందం కూడా ఎక్కింది.

కావున పై ప్రార్థనను ఇలా సవరించుకుంటున్నాను. వారి నంబర్లు ఉండనివ్వండి. వారిద్దరిలో ఎవరు రాకపోయినా, ఎందుకు రాలేదని అడగడానికి నేను వెళ్తాను. అప్పుడు నాకు కారణం ఉంటుంది.

నా నంబరు తీసేయండి. వారు మళ్లీ వచ్చి చెప్పినప్పుడు నాకు నిజంగానే తెలియకుండా ఉండాలి.