రంగూన్ కెంపు

జమ్మలమడుగు,
4-3-1957

తమ్ముడు లాల్ బాషాకు అక్క ఖమర్‌బీ సలాములు.

మీ బావ రంగూన్ నుంచి వచ్చాడు. ఎనిమిది నెలలు రేవులో మూటలు మోసి నాకొక కెంపు తెచ్చాడు. "బర్మా గనిలో పుట్టిన రాయి, నీకోసమే తెచ్చినా" అన్నాడు. రాళ్ల వ్యాపారివి నువ్వుండగా ఇంకెవరికిస్తాను? ఉంగరంలో పొదిగించు. బస్సు కండక్టరు చేత పంపుతున్నాను.

నీ అక్క.

తా.క.: పక్కింటి పెంచలమ్మ ఆ రాయిని రెండుసార్లు చూసింది. ఒకసారి చూడడానికి, రెండోసారి కుళ్ళుకోవడానికి.

ప్రొద్దుటూరు,
7-3-1957

అక్కకు సలాం.

రాయి చేరింది. నీతో అబద్ధమాడలేను. బర్మా కెంపు ఎండలో పెడితే నిప్పుకణికలా రగులుతుంది. ఇది ఆరిన బొగ్గులా ఉంది. భూతద్దంలో చూస్తే లోపలంతా మసక, మాగిన నేరేడు రంగు. ఇది మైసూరు సీమ రాయి. పదిహేనేళ్లుగా రాళ్లు చూస్తున్నాను, నా కన్ను తప్పదు.

నీ తమ్ముడు.

తా.క.: ఈ సంగతి బావను అడగొద్దు. నొచ్చుకుంటాడు.

జమ్మలమడుగు,
9-3-1957

తమ్ముడికి దీవెనలు.

అడగొద్దన్న మాట చివర్లో రాశావు. నేను ఉత్తరం సగంలోనే అడిగేశాను. "రంగూన్ పోయినోనికి మైసూరు రాయి యాడ దొరికె?" అంటే చెంబు పట్టుకొని దొడ్లోకి పోయాడు. ఎక్కిన ఓడ పేరేందంటే "గ్యాపకం లేదు" అన్నాడు. ఇంకేముంది, మైసూరులో ఎవతో ఉంది! నిన్నటి నుంచి ఆయన కంచం వసారాలోనే. శుక్రవారం పిల్లలతో మీ ఇంటికొచ్చేస్తున్నాను.

నీ అక్క.

తా.క.: డబ్బును ‘దుడ్లు’ అంటున్నాడు. అది కన్నడ మాటే కదా?

ప్రొద్దుటూరు,
12-3-1957

అక్కకు సలాం.

తొందరపడొద్దు. దుడ్లని మన తాత కూడా అనేవాడు. ఎవడో మోసగాడు బావ అమాయకత్వం చూసి బర్మాదని అంటగట్టి ఉంటాడు. వాడి పేరు కనుక్కో, బజార్లో నిలబెట్టి అడుగుతాను.

నీ తమ్ముడు.

తా.క.: నిన్ను రావొద్దనడం లేదు. నీ మరదలి పుట్టింటివాళ్లు ఇప్పటికే ఆరుగురున్నారు.

జమ్మలమడుగు,
15-3-1957

తమ్ముడూ, దీవెనలు తర్వాత.

మీ బావ నిజం చెప్పేశాడు. "మద్రాసు రేవులో ఆ నీళ్లు చూస్తానే బయమైపాయ. ఓడెక్కలేకపోతి. ఇంటికొస్తే అందరూ నవ్వుతారని పులివెందుల హోటల్లో పిండి రుబ్బుకుంటా ఉండిపోయినా" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత ఆయన అరచేతులు చూశాను. శానా కాయలు కాచాయి. కంచం లోపలికి తెచ్చాను.

ఇక రాయి. తను కొంటే నీకు తెలిసిపోతుందని, సరుకులకు ప్రొద్దుటూరు వచ్చే హోటల్ యజమాని చేత కొనిపించాడట. చీటీ చూపించాడు. ‘అసలైన బర్మా కెంపు, పూచీ నాది’ అని ఉంది. కింద సంతకం నీది.

నీ అక్క.

తా.క.: వేరే కెంపు పంపుతానంటావేమో. పంపు. అది ఏ దేశానిదో చూసి చెప్పడానికి మీ బజార్లో ఇంకో వ్యాపారి పేరు కూడా రాయి.