వెన్నుకు వెన్ను

ఓడ మీదున్న మా బుడ్డోడికి అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. కులాసా అంటే, నాకు మళ్ళీ నమలడం చేతనవుతోంది, ఆయనకి మళ్ళీ నన్ను కసురుకోవడం చేతనవుతోంది. నువ్వు ఆ ఇంజను గదిలో చేతులు కాల్చుకోకుండా, వేళకి తిని పడుకుంటున్నావనే నమ్మకంతో ఉన్నాను.

నీ ఉత్తరం చేరింది. కుండలినీ యోగం అంటే ఏమిటి, నేనూ మొదలుపెట్టొచ్చా అని అడిగావు. ఆ రోజు బస్సులో అసలేం జరిగిందని అడిగావు. వాడు జైల్లోంచి బయటికొచ్చాడా, ఎక్కడుంటాడు అని అడిగి, దాని కింద కాగితం చిరిగేలా గీత గీశావు. ఇవేవీ ఫోన్‌లో చెప్పలేను. నీ గొంతు వినగానే సగం నేను మింగేస్తాను, మిగతా సగం పక్కన నిలబడి మీ నాన్న మింగేస్తాడు. అందుకే కాగితం.

ముందు బస్సు సంగతి. ఎవడో తాగుబోతు చెయ్యి చేసుకున్నాడని మీ నాన్న నీతో అన్నాడట. అతను తాగలేదు. సాయంత్రం డ్యూటీ, బస్సు కిక్కిరిసి ఉంది. వంతెన మధ్యలో ఉండగా ముందుకొచ్చి ఇక్కడే దిగాలన్నాడు. అతని మోటారు సైకిలు పొద్దున అక్కడే చెడిపోయిందని తర్వాత తెలిసింది. వంతెన మీద ఆపకూడదు బాబూ, దాటగానే ఆపుతానన్నాను. ఇంటింటికీ పార్సిళ్ళు చేర్చే వాళ్ళ చొక్కా, చేతిలో హెల్మెట్. "ఆపమంటే ఆపవా?" అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. ఆ మాట వెంటే హెల్మెట్ నా ఎడమ చెవి మీద పడింది.

నేను సీటు బెల్టులో ఉన్నాను. లేవలేను, వంగలేను. బండకేసి బట్ట ఉతికినట్టు ఉతికాడు. భుజం దగ్గర ఎముక విరిగిన చప్పుడు బయటినుంచి కాదు, లోపలినుంచి వినబడింది. తర్వాతి దెబ్బ దవడ మీద. నోట్లో చింతపిక్కల్లా ఏవో దొర్లాయి, అవి నా పళ్ళు. ఒక చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను గానీ రెండోది స్టీరింగు వదల్లేదు, వెనక అంతమంది ఉన్నారు కదా. బస్సు గోడ వెంట గీరుకుంటూ పోయి ఆగింది. నా రక్తం అద్దం మీద పడి రోడ్డు కనబడలేదు. ఎవరూ లేచి రాలేదు. ఒకాయన ఫోన్ పైకెత్తి పట్టుకుని వీడియో తీశాడు. నన్ను కొట్టినతను తలుపు తన్ని దిగిపోయాడు.

మర్నాడే పట్టుకున్నారు. కోర్టులో కేసు నడిచినన్నాళ్ళూ నేను దవడకి తీగలు కట్టించుకుని ఆసుపత్రిలో ఉన్నాను. నా మాట రాసి పట్టుకెళ్ళారు. అంచేత అతను నన్ను మళ్ళీ చూడలేదు. నేను అతన్ని చూసింది కూడా కంట్లో రక్తం నిండిన కాసేపే. ఎడమ చెవి ఇంక వినబడదు. ఇదీ నీకు చెప్పలేదు.

ఎముకలు అతుక్కున్నాయి గానీ చేతుల వణుకు పోలేదు. ఎవరైనా హెల్మెట్ పట్టుకుని ఎదురొస్తే వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసేదాన్ని. రెండోసారి ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళ్ళినప్పుడు, ఆ తీసే అతను నా చేతులు చూశాడు. టైర్ల షాపు మీద ఒక హాలుంది, అక్కడ సాయంత్రాలు కొత్తవాళ్ళకి కుండలినీ యోగం నేర్పుతానని, రమ్మని అన్నాడు. మీ నాన్న విని, పాము నెత్తిన చిల్లు చేసుకుని బయటికొస్తుందట, వానాకాలం గొడుగు లేకుండా ఎలా తిరుగుతావని వెటకారం చేశాడు. అయినా నన్ను రోజూ మెట్ల దాకా దింపి వచ్చింది ఆయనే.

నువ్వడిగిన దానికి నాకు తెలిసినంత చెబుతాను. కుండలం అంటే చుట్ట. మనం కూర్చుంటే నేలకి ఆనే చోట, వెన్ను అడుగున, ఒక శక్తి పాములా చుట్ట చుట్టుకుని నిద్రపోతోందని పెద్దలన్నారు. దాన్ని మెల్లిగా లేపి, వెన్ను నడుమ ఉన్న సుషుమ్న అనే దారిలో నడినెత్తి దాకా ఎక్కించడమే ఈ యోగం. దారిలో మజిలీలుంటాయి, వాటినే చక్రాలంటారు. అడుగున మూలాధారం, బొడ్డు దగ్గర మణిపూరం, గుండె దగ్గర అనాహతం, అలా పైకి, చివర సహస్రారం. పేర్లు కంఠతా పట్టక్కర్లేదు. ఎక్స్‌రే అతను మొదటి రోజే చెప్పాడు, ఇన్నేళ్ళుగా వెన్నుల ఫొటోలు తీస్తున్నాను, పాము ఒక్కసారీ పడలేదు, ఉందా లేదా అని వాదించుకోకుండా నిటారుగా కూర్చోండి అని.

చెయ్యాల్సింది చూస్తే తేలికే. పొట్ట ఖాళీగా ఉండాలి. దుప్పటి మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, మోకాళ్ళు ఒప్పుకోకపోతే కుర్చీ అయినా సరే. గడ్డం కాస్త లోపలికి. ముక్కుతో నెమ్మదిగా నిండా పీల్చి అంతే నెమ్మదిగా వదలాలి. అది కుదిరాక కొలిమి తిత్తి కొట్టినట్టు వేగంగా పీల్చి వదిలే భస్త్రిక. ఆ తర్వాత ఊపిరి బిగబట్టి, మూత్రం ఆపుకునేటప్పుడు బిగించినట్టు కింద కండరాల్ని పైకి లాగి పట్టడం, దాన్ని మూలబంధం అంటారు. చివర్లో శవంలా పడుకోవడం. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు ఆ కొలిమి ఊపిరి జోలికి పోకూడదు. తల తిరిగితే ఎవరైనా మానెయ్యాలి. నువ్వు ఆ ఇంజను వేడిలో ఒంటరిగా మొదలుపెట్టకు. నేర్పేవాళ్ళు దొరికేదాకా ఊపిరి నెమ్మదిగా పీల్చి వదలడం ఒక్కటే చెయ్యి.

మనుషులకి పిచ్చెక్కుతుందట కదా అని రాశావు. అలాంటివాళ్ళని నేను చూడలేదు. కానీ ఒళ్ళు వేడెక్కుతుంది, వణుకు పుడుతుంది, ఊరికే ఏడుపొస్తుంది. లోపల అణిచిపెట్టిందేదో పైకి తేలుతుంది. అది తేలినప్పుడు దాని వెంట పరిగెత్తకండి, చూస్తూ కూర్చోండి అని ఎక్స్‌రే అతను ప్రతి తరగతిలోనూ చెప్పేవాడు. నేను తలూపేదాన్ని. నాకు నిద్ర పట్టింది, వణుకు తగ్గింది. డిపోకి వెళ్ళి ఖాళీ బస్సులో కూర్చుని కూడా వచ్చాను.

అప్పుడొచ్చాడు, బస్సులో నన్ను కొట్టినతను. కోపం అదుపులో పెట్టుకోవడం నేర్చుకోమని కోర్టు పంపినవాళ్ళు అప్పుడప్పుడూ మా తరగతికి వస్తుంటారు. అతనూ అలాగే వచ్చి గోడ వారగా కూర్చున్నాడు. తల పూర్తిగా గొరిగించుకున్నాడు. నేనే చాప అందించాను. తలూపి తీసుకున్నాడు. నేను గుర్తుపట్టలేదు.

ఆ రోజు ఇద్దరిద్దరు వెన్నుకు వెన్ను ఆనించి కూర్చోమన్నారు. ఎదుటి మనిషి ఊపిరి మన వెన్నుకి తెలియాలట. నా వెనక అతను కూర్చున్నాడు. వెచ్చటి వీపు. అతని ఊపిరీ నా ఊపిరీ ఒక దారిన పడ్డాయి కూడా. గాలి పీల్చి ఆపండి అన్నాడు ఎక్స్‌రే అతను. నా వెనక నుంచి చిన్న నవ్వుతో, "ఎంతసేపు ఆపమంటారు?" అని వినబడింది.

ఆ గొంతు నా కుడి చెవిలో పడగానే బొడ్డు కింద భగ్గుమంది. చూస్తూ కూర్చోలేదురా. తిరిగి, మెడ పట్టుకుని వెనక్కి లాగి నేలకేసి కొట్టాను. తల కింద వేసుకునే చెక్క దిమ్మ చేతికందింది. అతని గుండెల మీద కూర్చుని దాంతో మోదాను. ముక్కు చితికింది. పెదవి చీలి పన్ను బయటపడింది. నా చొక్కా ముందంతా తడిసింది. ఎక్స్‌రే అతను నా చెయ్యి పట్టుకుంటే మణికట్టు మీద రక్తం వచ్చేలా కొరికాను. కింద పడ్డవాడు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, "ఎవరమ్మా నువ్వు? నేనేం చేశాను నీకు?" అన్నాడు.

నన్ను అంత చేసినవాడికి నేనెవరో తెలియదు.

"బస్సు" అన్నాను. కాసేపటికి నలుగురూ కలిసి నన్ను లాగేశారు.

ఎక్స్‌రే అతను తన మణికట్టుకి రుమాలు చుట్టుకుని, అతన్నీ నన్నూ ఒకే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పోలీసులొచ్చి అడిగారు, నేనే కొట్టానని చెప్పాను. పొద్దున్నే పిలుస్తాం, ఇక్కడే ఉండమన్నారు. వరండాలో ఉన్నది ఒక్కటే బెంచీ. అక్కడికే అతని తల్లి వచ్చింది. నా ఈడుదే, ఏదో వంటశాలలో పని కాబోలు, తలకి గుడ్డ ఇంకా విప్పలేదు. నా కొడుకుని కొట్టిందెవరని నర్సుని అడుగుతుంటే నేనే లేచి చెప్పాను. అతికిన దవడ మీదే కొట్టింది. కళ్ళు బైర్లు కమ్మాయి. నా చెయ్యి లేవలేదు. మరోటి కొట్టింది. ఆ తర్వాత ఆవిడ అదే బెంచీ మీద నా పక్కనే కూలబడింది, ఇంకెక్కడ కూర్చుంటుంది.

ఆవిడ వెంట రెండో కొడుకు వచ్చాడు. నీ వయసే. నీలాగే కోపమొస్తే చెవులు ఎర్రబడతాయి. పిడికిళ్ళు బిగించి నా ముందు నిలబడి, ఇల్లెక్కడో చెప్పమన్నాడు. తల్లి తలెత్తకుండానే, "నువ్వు కూర్చో" అంది.

చాలాసేపయ్యాక డాక్టరు వచ్చి, కుడి కన్ను దక్కదని చెప్పి వెళ్ళాడు. ఆవిడ నా వైపు తిరిగింది. ఏడుస్తూ కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. "వాళ్ళ నాన్న చేతి దెబ్బలు తిని పెరిగాడు వాడు. దెబ్బ పడుతుందంటే నిద్రలో కూడా చేతులు అడ్డం పెట్టుకుంటాడు. మరి కంటికెలా తగిలింది?"

జవాబు నాకు తెలుసు. ఆ జవాబు మీ నాన్నకీ చెప్పలేదు, పోలీసులకీ చెప్పలేదు. హాల్లో ఉన్నవాళ్ళకి అంతా ఒకే దెబ్బల వానలా కనబడి ఉంటుంది. నీకు రాస్తున్నాను.

నేను "బస్సు" అనగానే అతను నన్ను చూశాడు. అర్థమైంది. ముఖం మీద నుంచి రెండు చేతులూ తీసి నేల మీద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. అప్పటికి నా కసి తీరిపోయిందిరా, చెయ్యి దించొచ్చు, వెనక్కి జరగొచ్చు. దిమ్మ ఎత్తి ఇంకొక్కటి కొట్టాను. ఒళ్ళు తెలియక కాదు, తెలిసే. ఆ ఒక్క దెబ్బ చాలా తియ్యగా ఉంది. ఆ కన్ను పోయింది ఆ దెబ్బకే.

సోమవారం మేజిస్ట్రేటు ముందు ఇదీ చెబుతాను. చెప్పొద్దని మా యూనియన్ లాయరు అంటాడు, అననీ. ఉద్యోగం ఉండకపోవచ్చు. మీ నాన్నకి దారిలో చెబుతాను, కోర్టు దాకా ఆయనే దింపుతానన్నాడు.

ఇంక నీ మూడో ప్రశ్న. అతను బయటే ఉన్నాడు, నీకు తెలిసిపోయింది. పేరు నాకు తెలుసు. వీధి తెలుసు, వాళ్ళ గుమ్మం రంగు కూడా తెలుసు, మర్నాడు పోలీసులు నన్ను పూచీ మీద వదిలాక వాళ్ళమ్మని ఇంటి దాకా దింపి వచ్చింది నేనూ మీ నాన్నే. నీకు చెప్పను. సెలవు దొరికితే రా, కడుపునిండా తిను, మీ నాన్నతో పోట్లాడు. దానికోసమైతే మాత్రం రాకు. అక్కడ ఆ పిల్లాడు తల్లి మాట విని ఇంకా కూర్చునే ఉన్నాడో, లేచాడో నాకు తెలియదు. నువ్వు కూర్చో నాన్నా.

ఇట్లు,
నిన్నొక్కణ్ణే కన్న
అమ్మ