పసుపు పెట్టిన బొంత

దుబాయ్, జెబెల్ అలీ రూము నుంచి

అక్కకి, బావగారికి నమస్కారాలు. మీరిద్దరూ, మీ దగ్గర పెరుగుతున్న నా చిట్టీ ఎలా ఉన్నారు? బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను, దిగులు పెట్టుకోకు. ఎండ మాత్రం చంపేస్తోంది. అదీ బస్సు దిగి హోటల్లోకి వెళ్ళేదాకానే, లోపల ఏసీకి వణుకుతాం. తిండికి లోటు లేదు గానీ నీ చేతి పులుసుకి మొహం వాచిపోయాను.

ఈ మధ్య జరిగింది ఒకటి చెప్పాలక్కా. మా హోటల్ ఒక కంపెనీతో చేతులు కలిపింది. వాళ్ళు పాత గుడ్డలు పారేయకుండా దుప్పట్లు చేసి అమ్ముతారు, నీడలేనివాళ్ళకి ఊరికే ఇస్తారు. గదుల్లో వాడి నలిగిన తెల్లదుప్పట్లు పొరలు వేసి కుట్టడం మా కుట్టుగదికి అప్పజెప్పారు. బొంతలు కుట్టడం మనకేమైనా కొత్తా? మా సూపర్‌వైజర్ జోసెఫ్ అని మలయాళీ ఆయన, నా కుట్టు చూసి నన్నే పెద్దని చేశాడు. కాస్త గర్వం తలకెక్కిందిలే.

అక్కడే కొంప మునిగింది. కొత్తబట్ట ఎవరికిచ్చినా మూలకి పసుపు పెట్టాలని నేర్పింది నువ్వే కదా. నువ్వు కట్టిచ్చిన పసుపు పొట్లం నా పెట్టెలోనే ఉంది. ప్రతి బొంతకీ ఓ మూల వేలితో అద్దేశాను. ఇందులో అడగడానికేముందనుకున్నాను. జోసెఫ్ మరకలనుకుని రెండు బొంతలు సబ్బునీళ్ళలో ముంచాడు. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో తెలుసుగా, ఎర్రగా రక్తంలా తేలింది. సరిగ్గా అప్పుడే మా ముదీర్, అదే మేనేజరు, ఆ కంపెనీ మేడంని వెంటబెట్టుకొచ్చాడు. ఇక్కడ తెల్లదుప్పటి మీద చుక్క కనబడితేనే ఊరుకోరు. పైగా నా వీసా మళ్ళీ వేయించాల్సిన నెల. ఖలాస్, చిట్టి చదువు గంగలో కలిసిందనుకున్నాను.

ఇదేంటని మేడం హిందీలో అడిగింది. ఇచ్చినవాళ్ళకి మంచి జరగాలని పెట్టానని వచ్చీరాని హిందీలోనే చెప్పాను.

"మేడం, జిస్కో దేతే, ఉస్కో అచ్ఛా హోనా బోల్కే లగాయా."

ఆవిడ ఆ మూల వేలితో తడిమి, మిగతావి ఉతకొద్దంది. పంచేటప్పుడు నన్నూ రమ్మంది. ఆ తల్లి చల్లగా ఉండాలి.

దిక్కులేని ఆడవాళ్ళు తలదాచుకునే ఇంటికి వెళ్ళాం. అక్కడ ఒకావిడ గోడవైపు తిరిగి కూర్చుంది. పార్కులో పడుకునుంటే ఎవరో తీసుకొచ్చారట. ఎవరేమడిగినా పలకదు. పేరూ ఊరూ తెలియక ఇంటికి పంపే కాగితాలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. బొంత ఒళ్ళో పెడితే మూల చూసింది, వాసన చూసింది.

"ఇదెవరు పెట్టారండీ? మనోళ్ళేనా?"

"నేనేనండీ. మాది రావులపాలెం."

ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. పేరు మంగ, అమలాపురం దగ్గర పల్లె. పనిచేసే ఇంటివాళ్ళు దేశం వదిలి పోతూ తనని వీధిలో వదిలేశారట. తను చెప్పిందంతా నేను మేడంకి చెప్పాను. ఇప్పుడు తనకి ఇంటికెళ్ళే కాగితం, అదే ఔట్‌పాస్, వచ్చింది, మేడం మాట మీద టిక్కెట్టు మా హోటలే కొంది. నా వీసా కూడా వేశారు. ఎవరికని దణ్ణం పెట్టుకోను?

పెద్దమ్మకి నా దణ్ణాలు. చిట్టిని నా బదులు ముద్దుపెట్టుకో. మీ దీవెనలే నన్నిక్కడ కాస్తున్నాయి.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చినావిడే మంగ. అన్నం పెట్టకుండా పంపకు. నా పేరు చెప్పి ఓ కొత్త చీర పెట్టు. మూలకి పసుపు మర్చిపోకు.

నీ చెల్లి,
సత్యవతి