నువ్వు పోసిన చర్చి కప్పు

నాయనా,

నందికొట్కూరు చర్చిని ఈ రోజు కూల్చేశారు. గోడౌన్‌లా ఉందనీ, గోపురాలతో కొత్తది కట్టుకుందామనీ సంఘమంతా ఒప్పుకుంది. వద్దన్నది నేనొక్కదాన్నే.

విదేశం నుంచి వచ్చిన ఫాదర్ ఒక కాగితాన్ని మడతలు పెట్టి చూపించి, కప్పు ఇలా ఉండాలి, నడుమ ఒక్క స్తంభమూ వద్దు అన్నాడట కదా. మిగతా మేస్త్రీలందరూ వెనక్కి తగ్గితే నువ్వు ఒప్పుకున్నావట. కప్పు కింద ఆనించిన సెంట్రింగ్ చెక్కలు విప్పిన రోజు, కూలుతుందని జనం బయటే ఆగిపోతే, నువ్వు లోపలికి వెళ్లి బలిపీఠం ముందు కూర్చున్నావని అమ్మ చెప్పేది.

ఈ రోజు పొద్దుటి నుంచి మెషిన్‌తో కొడుతున్నా ఆ కాంక్రీటు మడతలు విరగలేదు. మధ్యాహ్నానికి డ్రైవర్ విసిగిపోయి, అక్కడ నిలబడి ఉన్న నాతో అన్నాడు.

"ఎవురు కట్టినారో గానీమ్మా, శానా గట్టిగుండాది."

"మా నాయన కట్టినాడప్పా."

అతను మెషిన్ ఆపి కిందికి దిగాడు.

"ఇంటికి పోమ్మా. నువ్వు చూస్తాంటే నాకు చెయ్యాడ్డం ల్యా."

వచ్చేశాను. బస్టాండు చేరేసరికి కప్పు పడిన చప్పుడు వినిపించింది.

"ఏమ్మా ఆ సద్దు?" అని పక్కన కూర్చున్నామె అడిగింది.

ఆమెకు చెప్పకుండానే బస్సెక్కాను. ఇంటికొచ్చి, నీ ఫొటో ముందు కూర్చుని నీకు చెప్తున్నాను.