నా పేరిట వేసిన అభ్యంతరం

గౌరవనీయులైన సర్క్యూట్ జడ్జి గారి సముఖమునకు,
బ్రష్‌ఫోర్క్ కౌంటీ, కెంటకీ.

అయ్యా,

విషయం: లోనీ కాడిల్ నేర రికార్డు కొట్టివేతకు నా పేరు చెప్పి వేసిన అభ్యంతరాన్ని తోసిపుచ్చవలసిందిగా, ఆ కేసులో బాధితుడినైన నేనే చేసుకుంటున్న మనవి.

వంతెన పక్కన పనిముట్లు, పశువుల దాణా అమ్ముకునే ఆర్విల్ స్టిడమ్ అను నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. పద్దెనిమిదేళ్ల కిందట లోనీ కాడిల్ నా దుకాణం వెనక తలుపు పగలగొట్టి, రెండు మోటారు రంపాలు, ఒక వెల్డింగ్ మిషను ఎత్తుకుపోయాడు. అప్పటికి మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు. పోలీసులను పిలిచింది నేనే. కోర్టులో సాక్ష్యం చెప్పిందీ నేనే. రేపు ఇంకెవడైనా తలుపు పగలగొడితే మళ్లీ పిలుస్తాను. సామాను దొరికింది, అతను జైలుకు వెళ్లాడు, శిక్ష మొత్తం అనుభవించాడు. ఇంతవరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

2. విడుదలైన కొద్ది రోజులకే దుకాణానికి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఎందుకొచ్చావురా?" అన్నాను.

"తలుపు బాగుచేసి పోదామని, ఆర్విల్ గారూ."

"దాన్ని మార్చి ఏళ్లయింది. నువ్వొస్తావని అలాగే ఉంచుతాననుకున్నావా?"

"అయితే ఇంకో పని చెప్పండి. చేసి పోతాను."

లారీలోంచి దాణా బస్తాలు దించమన్నాను. దించేసి పోతాడనుకున్నాను, పోలేదు. ఈనాడు నా దుకాణంలో మరమ్మతుల పనంతా అతనిదే. తాళంచెవులు అతని జేబులోనే ఉంటాయి. గుండె ఆపరేషనుకు నన్ను ఆసుపత్రిలో దింపి, నేను లేచి తిరిగే దాకా దుకాణం నడిపిందీ అతనే.

3. నిరుడు అతని చెల్లెలు షానా మత్తుమాత్రలకు బలైపోయింది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లకు మిగిలిన అయినవాడు ఈ మేనమామ ఒక్కడే. కాని అతని పేరు మీద పెద్ద నేరం ఉన్నంతకాలం పిల్లలను ఆ ఇంటికి పంపడం కుదరదని సంక్షేమ శాఖ వారు చెప్పారు. పిల్లలిప్పుడు వేరే కౌంటీలో, ముక్కూముఖం తెలియని వాళ్లింట్లో ఉన్నారు. లోనీ తన ఇంటికి ఆనుకుని వాళ్ల కోసం గది కట్టాడు. అది ఖాళీగా ఉంది.

నెలకోసారి ఆ శాఖ ఆఫీసులో పిల్లలను ఒక గంట చూడనిస్తారు. ఒకసారి నేనూ వెళ్లాను. చిన్నది జోసీ, ఆరేళ్ల పిల్ల, బొమ్మకు రంగు వేస్తూ తలెత్తకుండానే అడిగింది.

"మామయ్యా, నువ్వు దొంగవా?"

గోడ పక్కన కూర్చున్న అధికారిణి రాయడం ఆపింది. లోనీ మెడంతా ఎర్రబడింది.

"ఒకప్పుడు చేశానమ్మా, దొంగతనం."

"ఎవరివి తీశావు?"

"ఇదిగో, ఈ తాతవి. రంపాలు."

పిల్ల నావైపు తిరిగింది. "నీవి నీకు వచ్చేశాయా తాతా?"

"వచ్చేశాయమ్మా."

"మరి ఇంకేంటంట వీళ్లకి?"

అయ్యా, ఆ ప్రశ్నను తమరికే వదిలేస్తున్నాను. జవాబు ఉంటే సెలవియ్యగలరు.

4. రికార్డు కొట్టివేయమని లోనీ తమ కోర్టులో దరఖాస్తు పెట్టుకున్నాడు. ప్రభుత్వ న్యాయవాది బ్రాడ్లీ కూంబ్స్ గారు అభ్యంతరం చెప్పారు. తమరు దాన్ని మన్నించి దరఖాస్తు తిరగ్గొట్టారు. ఆ అభ్యంతరంలో ఇలా ఉంది: "బాధితుడు నేటికీ భయంతో జీవిస్తున్నాడు." నేను దాన్ని దుకాణంలో నిలబడి చదివాను. లోనీ నా పక్కనే పచ్చిక కోసే యంత్రం బిగిస్తున్నాడు.

అదే రోజు కూంబ్స్ గారి ఆఫీసుకు వెళ్లాను.

"బాధితుల తరఫున మాట్లాడటం మా బాధ్యతండీ," అన్నారాయన.

"నా తరఫున మాట్లాడేముందు నాతో ఒక్క మాట మాట్లాడొచ్చుగా?"

ఫైలు తిరగేశారు. "మీకు పంపిన నోటీసు తిరిగొచ్చింది. మీరు పోయారనుకున్నాం."

వరద తర్వాత దుకాణాన్ని రోడ్డుకు ఇవతలికి మార్చాను. కూంబ్స్ గారి ఆఫీసు కిటికీలోంచి చూస్తే కనిపిస్తుంది.

"పోయినవాడు భయంతో బతుకుతున్నాడని ఎలా రాశారు బాబూ?"

"అది మేం మామూలుగా రాసే వాక్యమండీ."

ఆ మామూలు వాక్యం మూలాన ఇద్దరు పిల్లలు పరాయి కొంపలో పడుకుంటున్నారు. నాకు డెబ్బై దాటాయి. ఇంతకాలంలో నా భయమేమిటని ఈ కోర్టులో ఏ ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నేను కన్నుమూసే లోపల ఆ పిల్లలు ఇల్లు చేరరేమోనని భయం. రాసుకోండి.

5. ఈ అర్జీ సంగతి లోనీకి తెలియదు. తెలిస్తే వద్దంటాడు. పోయిన వారం కదిపి చూస్తే, "వదిలేయండి, పెద్దాయనా. జడ్జిగారికి కోపమొస్తే ఉన్న ఆ గంట కూడా పోతుంది," అన్నాడు. నా పేరు మీద అబద్ధం రాసినవారికి లేని భయం, నిజం చెప్పడానికి అతనికెందుకుండాలో నాకు బోధపడటం లేదు.

కావున పైన చెప్పిన అభ్యంతరాన్ని చెల్లదని ప్రకటించి, దరఖాస్తును తిరిగి విచారించి, బాధితుడిని అతని నోటితోనే మాట్లాడనివ్వమని కోరుతున్నాను. కోపంగా రాశాను గాని అబద్ధం రాయలేదని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, బతికే ఉన్న బాధితుడు,
ఆర్విల్ స్టిడమ్

తా.క.: ఈ కాగితం ఇవ్వడానికి మీ కోర్టు కిటికీ దగ్గరకు వస్తే, గుమాస్తా వాండా నిలబడే మొత్తం చదివింది. "కొన్ని మాటలు కొట్టేయి, ఆర్విల్," అంది. "కొట్టేయను," అన్నాను. లోపలికి తీసుకెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చి, వచ్చే మంగళవారం మళ్లీ విచారిస్తారని చెప్పింది. అందుకు కృతజ్ఞతలు. కాగితం మళ్లీ అడిగి తీసుకుని, కిటికీ దగ్గరే నిలబడి ఆ మాట దీని మీదే రాస్తున్నాను. మంగళవారం దుకాణం మూసి కోర్టుకు వస్తానని ఇక్కడ నా వెనక నిలబడ్డ ఇద్దరికి చెప్పాను. ఇల్లు చేరేలోగా పాలకేంద్రం వాళ్లు, చర్చి వాళ్లు, లోనీ చేత ట్రాక్టరు బాగుచేయించుకున్న ప్రతివాడూ మేమూ వస్తామంటూ ఫోన్లు మొదలుపెడతారు, నాకు తెలుసు. మీ హాలులో కుర్చీలు ఇంకొన్ని వేయించండి.