హెడ్మాస్టరు గారి గాజు తొట్టి

మే 4

పాప వచ్చింది. ఒక సూట్‌కేసు, ఒక స్కూలు బ్యాగు, ఒక ప్లాస్టిక్ టబ్బు. టబ్బులో అరచేయంత తాబేలు. మెడ సాచి, కళ్లజోడు మీదుగా చూసే మనిషిలా నన్ను కిందా మీదా చూసింది. పేరు హెడ్మాస్టరట. పేరు భలే కుదిరిందే అన్నాను. పాప నవ్వలేదు. వాళ్లమ్మ వైపు తిరిగి, కుర్చీ కాస్త జరుపుకోమని ఆయనకి చెప్పు అంది. ఆయనంటే నేనే. పక్కనే నిలబడి ఉన్నాను.

జరుపుకున్నాను.

మా పెళ్లి జనవరిలో అయింది. నాకు మొదటిది, మా ఆవిడకి రెండోది. పాపకి పదకొండేళ్లు. ఇన్నాళ్లూ వాళ్ల నాన్న దగ్గరే ఉంది. పెద్దవాళ్లు కూర్చుని తేల్చిందేమిటంటే, ఈ సెలవులు ఇక్కడ గడపాలి, బడి తెరిచేలోగా ఏ ఇంట్లో ఉంటానో పాపే చెప్పాలి. పాప చెప్పాక ఇంకెవరూ నోరెత్తకూడదు. మా ఆవిడ పొద్దున్నుంచి ఊడ్చిన గదే ఊడుస్తోంది. చివరికి చీపురు లాక్కోవాల్సి వచ్చింది.

మే 5

వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. తాబేలుకి ఆ టబ్బు చాలు, కొత్త హంగులేం వద్దు, అది నేను కొనిచ్చింది అన్నాడట. ఒళ్లు మండింది.

మే 6

ట్యాంక్ కడతాను. అంతే.

ఇరవై ఏళ్లుగా నాది అద్దాల పని. కిటికీలు, షోకేసులు, బాత్‌రూమ్ పార్టిషన్లు. నేను బిగించిన అద్దం ఊడిందన్న మనిషి లేడు. అలాంటి నా ఇంట్లో ఒక ప్రాణి బట్టలు నానబెట్టుకునే టబ్బులో ఈదుతుందా! రేపు పిల్ల వెళ్లి ఏమని చెప్పుకుంటుంది?

భోజనాల దగ్గర ప్లాను చెప్పాను. నాలుగడుగుల పొడవు, పది మిల్లీమీటర్ల మందం అద్దం. ఒక పక్క ఎండ కాచుకోవడానికి అరుగు, ఎక్కడానికి గరుకు ర్యాంప్, పైన వేడి బల్బు, దాని పక్కన యూవీ బల్బు, మూల ఫిల్టర్. పాప ప్లేటులోకి చూస్తూనే వింది. అరుగు కింద దాక్కోవడానికి చోటుంటుందేమో అడుగు అని వాళ్లమ్మకి చెప్పింది. ఉంటుందని చెప్పు అన్నాను. మా ఆవిడ మా ఇద్దరి మధ్యా టెలిఫోన్ తీగలా అయిపోయింది. అయితేనేం, పిల్ల అడిగింది!

మే 9

అద్దాలు కోశాను. అంచులన్నీ చేత్తోనే పాలిష్ చేశాను. చంటిపిల్ల ముద్దుపెట్టుకున్నా గీసుకోదు.

బల్బులకి అక్వేరియం షాపుకి వెళ్లాను. షాపతను అద్దాలు అతికించడానికని చిన్న సిలికాన్ జిగురు ట్యూబొకటి అంటగట్టబోయాడు. నవ్వొచ్చింది. వేలెడంత ట్యూబు, దాని మీద చేప బొమ్మ. ఈ పని నాకు నేర్పుతావా బాబూ అన్నాను. నేను వాడింది హోటళ్ల బాత్‌రూముల్లో వాడే ఖరీదైన సరుకు. ఎన్నేళ్లు తడిలో ఉన్నా నల్లబడదు, బూజు పట్టదు. మిగతావాళ్ల ట్యాంకులు మూలల్లో పాచి పట్టి కంపు కొడతాయి. మాది అలా కానిస్తానా?

సిలికాన్ గన్ పట్టుకుని ఒక్క గీత వంకర పోకుండా లాగాను. పాప గుమ్మం దగ్గర నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. నేను చూడనట్టే ఉన్నాను.

మే 15

ఆరాలి కాబట్టి ఇన్నాళ్లూ ఆగాను. తొందరపడే రకాన్ని కాదు. ఇవాళ నీళ్లు నింపాను. అడుగున పేపర్ పరిచి చూశాం, ఒక్క చుక్క కారితే ఒట్టు!

హెడ్మాస్టరు గారి గృహప్రవేశం సాయంత్రం జరిగింది. పాప రెండు చేతుల్తో దించింది. అడుగుదాకా వెళ్లి, అరుగు కింద దూరి, మళ్లీ పైకొచ్చి బల్బు కింద కాళ్లు బార్లా చాపారు. పాప చప్పట్లు కొట్టింది. తోడుగా ఉంటాయని ఐదారు గప్పీ చేపలు కూడా తెచ్చి వేశాను. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. టబ్బు చాలన్న వాళ్ల నాన్న ఇప్పుడు చూడాలి ఇది.

మే 16, ఉదయం

గప్పీలన్నీ తేలాయి. పాప లేవకముందే తీసి పారేశాను. హెడ్మాస్టరు గారు తినేశారని చెప్పాను.

మే 16, సాయంత్రం

షాపతనితో గొడవయింది. రోగిష్టి చేపల్ని అంటగట్టావన్నాను. కుళాయి నీళ్లు అలాగే పోసి ఉంటారు, అందులో క్లోరిన్ ఉంటుందన్నాడు. బకెట్లలో పట్టి నిలవుంచిన నీళ్లు పోస్తానని వచ్చేశాను.

మే 19

నీళ్లు మార్చాను. మళ్లీ మార్చాను. హెడ్మాస్టరు గారు అరుగు దిగట్లేదు. బలవంతాన దించితే మళ్లీ పైకే పాకుతున్నారు. ఎండ బాగా నచ్చిందేమో అంది మా ఆవిడ. అవునంటూ తలూపాను. నాకు మనసులో ఏదో తేడాగానే ఉంది.

మే 21

కళ్లు వాచిపోయాయి. రెండూ మూసుకుపోయాయి. మూడు రోజులుగా తిండి లేదట, పాప ఇవాళ చెప్పింది, అదీ వాళ్లమ్మకే.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. కాళ్లు లాగి చూసింది, నోరు తెరిచి చూసింది. బల్బు ఉందా, ఫిల్టర్ ఉందా, నీళ్ల వేడి ఎంత అని అడిగింది. అన్నీ ఫస్ట్‌క్లాస్ అన్నాను. చుక్కల మందు, రోజు మార్చి రోజు ఇంజెక్షన్ రాసింది. నీళ్లలో పడనిదేదో ఉందేమో, బాగా కడగండి అంది. దారి పొడుగునా పాప టబ్బుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మే 24

ట్యాంక్ ఖాళీ చేసి, వేణ్నీళ్లతో తోమి, మళ్లీ నింపాను. మళ్లీ అందులోనే పెట్టాం. ఇవాళ మెడ కూడా సరిగ్గా ఎత్తట్లేదు.

పాప రాత్రి అన్నం తినలేదు. వాళ్ల నాన్నకి ఫోన్ చేసి గుసగుసగా మాట్లాడింది. జూన్ ఆరున వస్తాడట. మా ఆవిడ నన్ను పట్టుకుని, ఇది చచ్చిపోతే నా కూతురు ఇంక ఈ గడప తొక్కదు అని ఏడ్చింది.

మే 27, మధ్యాహ్నం

పనిలోంచి వచ్చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొత్త ఫ్లాట్‌లో షవర్ అద్దం బిగిస్తున్నాను. ఆ ఇంటావిడ వచ్చి, ఇదివరకటి ఇంట్లో అంచులు నల్లగా బూజు పట్టేవి, ఇక్కడా అంతేనా అని అడిగింది. నేను అందరికీ చెప్పేదే ఎత్తుకున్నాను. ఎన్ని వందల మందికి చెప్పానో ఆ పాఠం. ఈ సిలికాన్‌లో మందు కలుపుతారమ్మా, తడి తగిలినప్పుడల్లా మెల్లగా ఊరుతూనే ఉంటుంది, బూజు దగ్గరికొచ్చిందా, చావాల్సిందే అని చెప్పాను.

చావాల్సిందే.

గన్ చేతిలోనే ఉంది. తెల్లటి సిలికాన్ నేల మీద కారిపోతోంది. ఏమైందండీ అని ఆవిడ అడుగుతోంది. నా చెవికెక్కట్లేదు. నా చేతుల్తో నేనే, నా ఇంట్లో నేనే, నాలుగు మూలలా విషం పూసి, నీళ్లు పోసి, ఆ ప్రాణిని అందులో దించాను. చప్పట్లు కొట్టించాను కూడా.

మెట్ల మీద కూర్చుని డాక్టరమ్మకి ఫోన్ చేశాను. వెంటనే బయటికి తియ్యండి, ఇంక ఆ తొట్టి దగ్గరికి పోనివ్వద్దు అంది. ఇంటికి రాగానే బయటికి తీశాను.

మే 27, సాయంత్రం

పాత టబ్బులో పెట్టాం. ట్యాంక్‌కి చిన్న రిపేరు ఉందని పాపకి చెప్పాం.

మా ఆవిడకి అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. తలుపు వేసి, మీ కాళ్లు పట్టుకుంటాను, పాపకి మాత్రం చెప్పకండి అంది. ఆరో తారీఖు దాటనివ్వండి, దాని నోటితో ఉంటానని చెప్పనివ్వండి, తర్వాత మీ ఇష్టం అంది. నీళ్లు పడలేదని డాక్టరమ్మే అందిగా, అదేం అబద్ధం కాదుగా అంది.

సరేనన్నాను. సిగ్గులేకుండా హాయిగా కూడా అనిపించింది.

మే 29

ఆ హాయి రెండు రోజులు కూడా నిలవలేదు.

పొద్దున్న పాప దుప్పటి ముసుగులో వెక్కి వెక్కి ఏడుస్తోంది. వాళ్లమ్మ బతిమాలగా బతిమాలగా చెప్పింది. ట్యాంక్‌లో దింపిన రోజు పండగలా ఉందని హెడ్మాస్టరుకి క్రీమ్ బిస్కట్ ముక్క పెట్టిందట. ఎవరికీ చెప్పలేదట. అందుకే కళ్లు పోయాయి, నేనే చంపేస్తున్నాను అంటోంది. మా ఆవిడ దాన్ని గట్టిగా పట్టుకుంది. పట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. మాట్లాడొద్దు అని.

ఏం మనిషిని నేను! పదకొండేళ్ల పిల్ల నా తప్పు నెత్తినేసుకుని ఏడుస్తుంటే గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. అదీ కాసేపే. తర్వాత నేల మీద కూలబడ్డాను. బిస్కట్ వల్ల కాదమ్మా, నా వల్ల అన్నాను. మొత్తం చెప్పాను. మందు సంగతి, షాపతన్ని చూసి నవ్వడం, గప్పీలు చస్తే తినేశారని అబద్ధమాడడం, రెండు రోజులుగా తెలిసీ నోరు మూసుకోవడం. మా ఆవిడ కళ్లు మూసుకుంది.

పాప ఏడుపు ఆపేసింది. మొదటిసారి నాతో నేరుగా మాట్లాడింది. మీ పని మీకు తెలీదా అని అడిగింది.

తెలీదని ఒప్పుకున్నాను.

మే 30

ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడట్లేదు.

జూన్ 2

ట్యాంక్ బ్లేడుతో విప్పేశాను. అద్దాలు బాల్కనీ గోడకి చేరేశాను. వేలు తెగింది. మంచిదే.

చుక్కలు వేసేటప్పుడు తల పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మా ఆవిడ చేతిలోంచి జారిపోతోంది. పాప కాసేపు తటపటాయించి, నన్ను చేతులు కడుక్కుని రమ్మంది. కడుక్కుని వచ్చాను. వాసన చూసి, మళ్లీ కడుక్కోమంది. మళ్లీ కడుక్కున్నాను. మొన్నటి నుంచీ రోజూ ఇదే తంతు. నేను తల పట్టుకుంటాను, తను చుక్క వేస్తుంది. పని కాగానే లేచి వెళ్లిపోతుంది.

జూన్ 5

సూట్‌కేసు సర్దేసింది. మా ఆవిడ మడత పెట్టిన బట్టలే మళ్లీ మడత పెడుతోంది. నాతో పొడి మాటలే. రేపటికి ఆ మాటలు కూడా ఉంటాయో ఉండవో.

జూన్ 6

వాళ్ల నాన్న పదిగంటలకల్లా వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. పద అన్నాడు.

డాక్టరమ్మ ఈ స్థితిలో దాన్ని ఎక్కడికీ కదపొద్దంది, అంతదూరం కారులో తట్టుకోదు అని మా ఆవిడ చెప్పింది. దానికేముంది, ఇక్కడే వదిలెయ్, ఇంకోటి కొనిస్తా, ఇంతకన్నా పెద్దది అన్నాడు. పాప ఆయన ముఖంలోకి చూసింది. నేను రావట్లేదు అంది.

మా ఆవిడ తలుపు పట్టుకుంది. అప్పుడు పాప చెయ్యి చాపి నన్ను చూపించింది. హెడ్మాస్టరుని ఈయన చేతుల్లో వదిలి రాలేను అంది. కళ్లు తెరిచి, తనంతట తను తినేదాకా నేనే చూసుకోవాలి, ఆ తర్వాత నేనే ఫోన్ చేస్తా, అదే రోజు వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్లు అంది. ఆయన నా వైపు ఒక నవ్వు నవ్వి, సరే, ఫోన్ రాగానే వస్తానని వెళ్లిపోయాడు.

నా మీద నమ్మకం లేక ఉండిపోయింది. తిట్టు తిని ఇంత సంతోషపడడం నాకిదే మొదలు. సూట్‌కేసు మళ్లీ లోపలికి మోసుకెళ్లాను.

జూన్ 9

చుక్కలు వేస్తుంటే హెడ్మాస్టరు గారు నా చొక్కా తడిపేశారు. పాప పడీ పడీ నవ్వింది. మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి తనూ నవ్వింది. ఆ తర్వాత పాప నేనెక్కడ పని నేర్చుకున్నానో అడిగింది. మా మేనమామ దగ్గర అన్నాను. ఆయన కూడా చేతులు కడుక్కునేవాడు కాదా అంది. చాలాసేపు అలా కూర్చునే ఉన్నాం, టబ్బుకి చెరో పక్క.

ఇలా ఇంకొన్నాళ్లు సాగితే బాగుండును. ఛీ, రాయకూడని మాట రాశాను.

జూన్ 12, తెల్లవారుతుండగా

కళ్లు తెరిచారు. రెండూ.

క్యాబేజీ ఆకు చూపిస్తే మెడ సాచి లాక్కుని తిన్నారు. ఇంకో ముక్క కోసం నా వేలు పట్టుకున్నారు.

ఇల్లంతా నిద్రలో ఉంది. చూసింది నేనొక్కణ్ణే.

పాపని లేపడానికి వెళ్తున్నాను.