నేలనెమలి బీడు

మహబూబాబాద్,
9 ఆగస్టు 1983

బాపూ,

అవ్వకు వినిపించే ముందు ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు.

నీ కార్డు నిన్న అందింది. ఈ ఏడు వాగు పక్క బీడు దున్నించి ఉలవలు చల్లుతున్నామని రాశావు. సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం రాత్రి అన్నం సయించలేదు.

నా ఉద్యోగమేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నేలనెమలి అని కోడిపెట్టంత పిట్ట ఒకటుంది. వానాకాలంలో పోతుపిట్ట గడ్డిలోంచి నిట్టనిలువునా మనిషెత్తు ఎగిరి మళ్లీ అక్కడే దిగుతుంది, పెట్టకు కనబడాలని. గడ్డి దట్టంగా ఉన్నచోటే పెట్ట గుడ్లు పెడుతుంది. ఆ జాతి తరిగిపోతోంది. దానికి పనికొచ్చే గడ్డి ఏ ఊళ్లో మిగిలిందో చూసి రాయడం మా పని. చేలల్లో, గట్ల మీద, బీళ్లలో తాడుతో చదరం పరిచి, లోపల ఏయే మొక్కలున్నాయో, ఎంత ఎత్తున్నాయో కాగితం మీద ఎక్కిస్తాం. జనగామ నుంచి ఇక్కడిదాకా రెండు నెలలు తిరిగాం. ఎక్కడ చూసినా పత్తి, మిరప, మేకలు కొరికిన గరిక. ముసలివాళ్లు "మా చిన్నప్పుడు మస్తుగుండె బిడ్డా" అంటారు. అంతే.

పిట్ట కనబడింది ఒక్కచోటే. మన బీడులో.

అవును బాపూ. పదిహేను రోజుల కింద చిల్పూర్ వచ్చి, ఇంటికి రాకుండానే తిరిగిపోయాను. అక్కడ పశువులు కాస్తున్న తండా దేవ్యా నన్ను గుర్తుపట్టి, "ఇంటికి పోవా బిడ్డా?" అన్నాడు. "తర్వాత పోత" అన్నాను. అతనే తంగేడు పొదల వైపు చెయ్యి చూపించాడు. చెంగలి గడ్డి నడుము దాకా ఉంది. పోతుపిట్ట అందులోంచి నాలుగుసార్లు లేచింది. నేను ఏడుస్తుంటే అది సంతోషమని మా సార్ అనుకున్నాడు.

ఆ కాగితంలో, ఈ భూమి ఎన్నేళ్లుగా బీడు, ఎందువల్ల అని ఒక ప్రశ్న ఉంటుంది. పద్నాలుగేళ్లు అని రాశాను. ఎందువల్లో రాయలేకపోయాను. అరవై తొమ్మిదిలో పురుషోత్తం అన్న తెలంగాణ ఊరేగింపుకు పోయి పోలీసు కాల్పుల్లో చనిపోయాడని, అన్న దున్నే చేనులో మా బాపు మళ్లీ నాగలి పెట్టలేదని ఎట్ల రాయను? మన ఏడుపులోనే ఆ గడ్డి పెరిగింది. ఆ పిట్ట అందులో బతికింది.

ఇన్నేళ్లకు నువ్వు లేచి చేనులోకి దిగుతానంటే వద్దని ఏ నోటితో చెప్పను? అయినా చెప్తున్నాను. రెండు నెలలు ఆగు బాపూ, పిట్ట పిల్లలు లేచి ఎగిరిపోయేదాకా. రైలెక్కితే పూట ప్రయాణం. నీ ముఖం చూస్తూ ఈ మాట అనే ధైర్యం లేక రాస్తున్నాను.

నీ బిడ్డ
సుగుణ


చిల్పూర్,
16 ఆగస్టు 1983

సుగుణ బిడ్డకు,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. ట్రాక్టర్ గురువారమే వచ్చి పోయింది.

నువ్వొక సంగతి తప్పుగా అనుకున్నావు. చేను బీడు పెట్టింది నేను కాదు, మీ అవ్వ. మీ అన్న పోయిన ఏడు నేను ఎద్దులను కడితే వాటికి అడ్డంగా కూర్చుంది. "నా కొడుకు తిరిగిన నేల గిది. దీన్ని తిరగెయ్యకు" అన్నది. లోకం అది నా దుఃఖమనుకుంది. అనుకోనిచ్చాను. మొన్న జూలైలో ఒక పొద్దున చాయ తాగుతూ, ఏమీ జరగనట్టే, "ఇగ దున్నియ్యి. ఎన్నొద్దులు గిట్ల చూసుకుంట కూసుంట?" అన్నది. ఆ మాట మళ్లీ వెనక్కి తీసుకుంటుందేమోనని ఆ రోజే జనగామ పోయి ట్రాక్టర్ మాట్లాడి వచ్చాను.

గురువారం ఉలవల గంప పట్టుకుని తనూ వచ్చింది. ముప్పాతిక వంతు దున్నినాక గడ్డిలోంచి పిట్ట లేచింది. చూస్తే నాలుగు గుడ్లు. మీ అవ్వ "ఆపుండ్రి, ఆపుండ్రి" అని ట్రాక్టర్ ముందుకు ఉరికింది. గుడ్ల చుట్టూ కల్లమంత జాగా వదిలేసి వచ్చాం. పిట్ట మళ్లీ రాలేదు. అవ్వ రోజూ పోయి దూరంగా గట్టు మీద కూర్చుని చూసింది. నిన్న అక్కడ కాకులు వాలాయి.

ముందు నన్నొక్కణ్ణే చదవమన్నావు. దాచడం నావల్ల కాలేదు, నిన్న సాయంత్రం చదివి వినిపించాను. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడిచి పెట్టింది. తర్వాత అడిగింది: "పదిహేను దినాల కిందనే చూసింది గద? ఇంటికొచ్చి ఒక్క మాట చెప్తే నేను ఆగకపోదునా?"

"మల్లొచ్చే ఏడు ఆ పిట్ట వస్తదా అడుగు" అంటోంది. చదువుకున్నదానివి, నీకే తెలియాలి. రాయి.

బాపు
కృష్ణమూర్తి


మహబూబాబాద్,
19 ఆగస్టు 1983

అవ్వా,

ఈ ఉత్తరం నీకు. బాపు చదివి వినిపిస్తాడు.

పిట్ట మళ్లీ వస్తుందో రాదో నాకు తెలియదు. సార్‌ను అడిగాను, ఆయనకూ తెలియదు. ఒకసారి తిరగేసిన నేలలో అటువంటి గడ్డి నిలవడానికి ఏళ్లు పడుతుందన్నాడు. అన్నేళ్లు ఆ పిట్టలు ఉంటాయా అని అడిగితే కాగితాలు సర్దుకున్నాడు.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగావు. ఆ చేను పేరెత్తితే అన్న పేరెత్తినట్టే. నువ్వు తట్టుకోలేవనుకున్నాను. నువ్వే ఆ దుఃఖం దాటి వచ్చావని నాకెట్ల తెలుస్తుంది అవ్వా? మనం ముగ్గురం ఇన్నేళ్లు ఒకరికొకరం భయపడుతూనే గడిపాం. నీ మీద తప్పు లేదు. ఆ గుడ్లు పోయింది నా నోరు పెగలకనే.

వచ్చే వారం, ఇరవై ఎనిమిదిన ఆదివారం పొద్దుటి బండికి వస్తున్నాను. పిట్ట గురించి నేను చేయగలిగింది ఇంకేమీ లేదు. నువ్వు నా పక్కన కూర్చుని అన్న గురించి చెప్పు. వాడు పోయేనాటికి నాకు పన్నెండేళ్లు. వాడి గొంతు ఎట్లుండేదో ఎంత తలుచుకున్నా గుర్తుకు రావడం లేదు.

నీ
సుగుణ